పోత పోయని ఇంజన్‌లో మంట

మా కాలేజీలో ఇంటర్నల్ పరీక్షలు జరుగుతున్న ఒక మధ్యాహ్నం, బీటెక్‌లో నాతో చదువుకున్న మిత్రుడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. ముందుగా ఫోన్ కూడా చేయలేదు. కరీంనగర్ బైపాస్ పక్కన విసిరేసినట్టుండే మా కాలేజీకి రమ్మంటే ఆటోవాళ్లే సణుగుతారు. అతను మంచిర్యాల నుంచి ఎండలో కారు నడుపుకుంటూ వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద ఒక చిన్న పెట్రోల్ ఇంజన్ బొమ్మ. నిలువునా కోసినట్టు గీసి ఉంది: సిలిండరు, దాంట్లో పిస్టను, పైన రెండు వాల్వులు, ఒక పక్కకి వాలి ఉన్న స్పార్క్ ప్లగ్.

"గీ ఇంజన్ మంచిగ మండుతదా లేదా నువ్వు చెప్పాలె," అన్నాడు.

"చూస్త తియ్యి. యాడున్నది ఇంజను?"

"యాడ లేదు. గీ బొమ్మనే ఉన్నది. చేసినంక చెప్పుడు ఎవలైనా చెప్తరు. చెయ్యకముందే చెప్పాలె."

అతనిది చెన్నూరు దగ్గర భూములున్న కుటుంబం. పొలం పనులు తండ్రి చూసుకుంటాడు. ఇతను మంచిర్యాలలో షెడ్డు వేసి, సాళ్ల మధ్య కలుపు తీసే చిన్న యంత్రాలు తయారు చేసి అమ్ముతున్నాడు. చట్రం, పళ్లు, చక్రాలు అన్నీ షెడ్డులోనే తయారవుతాయి. ఇంజన్ మాత్రం బయటి దేశం నుంచి పెట్టెలో వస్తుంది. రైతుల తిట్లన్నీ ఆ ఇంజన్ మీదే. ఆదిలాబాద్ చలికాలంలో పొద్దున్నే తాడు ఎంత లాగినా లేవదు. అదే ఇంజన్ మే నెల ఎండలో వేడెక్కి టకటకా కొట్టుకుని పిస్టన్ పాడు చేసుకుంటుంది. మన చలినీ మన ఎండనీ చూసి చేసిన ఇంజన్ కాదది. అందుకని తనే సొంతంగా ఇంజన్ చేయించాలని పట్టు పట్టాడు. కాకపోతే ఇంజన్ తలభాగం పోత పోయడానికి అచ్చు ఒకసారి చేయించాక, లోపలి ఆకారం బాగాలేదని మార్చుకోవడం కుదరదు. మంట ఎలా నడుస్తుందో అచ్చుకి ముందే తెలియాలి. నేను హైదరాబాద్‌లో డాక్టరేట్ చేసింది సరిగ్గా దాని మీదే: పెట్రోల్ ఇంజన్లలో మంట వ్యాపించే తీరుని కంప్యూటర్ మీద ముందుగా లెక్కగట్టడం.

ఆ డాక్టరేట్ వల్ల మా సిరిసిల్ల వీధిలో జరిగిన ఒకే ఒక్క మార్పు, మోకాళ్ల నొప్పులకి మందు అడగడానికి వచ్చేవాళ్లు పెరగడం. పవర్‌లూమ్‌ల మీద బతుకు వెళ్లదీసిన మా బాపు వాళ్లకి ఓపిగ్గా చెప్పేవాడు, "మా బిడ్డ మనుషుల డాక్టర్ కాదు, ఇంజన్ల డాక్టర్" అని. అది విన్న ఒకాయన మోపెడ్ తోసుకుంటూ వచ్చాడు. దాన్ని కూడా నేను బాగు చేయలేకపోయాను.

కాలేజీలోనూ నా చదువుకి పని లేదు. పిల్లలందరికీ కంప్యూటర్ కోర్సులు కావాలి. మెకానికల్ సీట్లు ఏటా తగ్గుతున్నాయి. థర్మోడైనమిక్స్ చెబుతుంటే వెనక బెంచీల్లో కోడింగ్ పరీక్షకి చదువుకుంటారు. వాళ్లని కోప్పడడానికి కూడా నాకు మొహం చెల్లదు. మా ల్యాబ్‌లో ఇంజన్ మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది. అలాంటి రోజుల్లో ఒకడు ఎండలో వచ్చి నా చదువుతో పని ఉందంటే నేను ఆలోచించే స్థితిలో లేను. అతను పూర్తిగా చెప్పకముందే సరే అన్నాను.

పని మొదలుపెట్టిన కొన్నాళ్లకే తల పట్టుకున్నాను. సంగతి వినడానికి సులువుగానే ఉంటుంది. పెట్రోలు, గాలి కలిసి సిలిండర్‌లోకి వస్తాయి. పిస్టన్ వాటిని నొక్కుతుంది. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. అక్కడ ఆవగింజంత మంట లేచి, చుట్టూ ఉన్న గాలి సుడులు దాన్ని ముడతలు ముడతలుగా చేస్తుంటే, అవతలి గోడ దాకా పాకుతుంది. మంట మెల్లగా పాకితే పెట్రోలు దండగ. పాకేలోగా అవతలి మూల మిగిలిన మిశ్రమం వేడికి తట్టుకోలేక తనంతట తానే ఒక్కసారిగా భగ్గుమంటే, పిస్టన్ మీద సుత్తి దెబ్బ. టకటకా కొట్టుకోవడమంటే అదే. ఇదంతా జరిగేది కనురెప్ప వేసేలోపు.

ఆ మంట ఎంత వేగంగా పాకుతుందో చెప్పే సూత్రాలున్నాయి. కానీ ప్రతి సూత్రంలోనూ ఒక స్థిరాంకం ఉంటుంది. దాని విలువ పుస్తకంలో దొరకదు. ఇంజన్‌ని నడిపి, లోపలి ఒత్తిడి కొలిచి, లెక్క ఆ కొలతతో కలిసేదాకా ఆ స్థిరాంకాన్ని సవరించుకోవాలి. ఇంజన్ అంటూ ఉంటే అది సాధ్యమే. లేని ఇంజన్‌ని నడిపేదెట్లా? ఇతరులు వేరే ఇంజన్ల మీద కొలిచి ప్రచురించిన విలువలు తీసుకున్నాను. ఒకరి విలువ పెడితే మంట చక్కగా పాకింది. ఇంకొకరిది పెడితే సగం దారిలో నీరసించింది. మరొకరిది పెడితే మే నెల ఎండలో పిస్టన్ బద్దలయ్యేలా కొట్టుకుంది. ఇంజన్ ఒక్కటే, బొమ్మ ఒక్కటే, నా జవాబులు మాత్రం మూడు రకాలు.

మా ఆయన శ్రీరాంపూర్‌లో బొగ్గు గనిలో ఓవర్‌మన్, లోపలి పని, భద్రత చూసుకునే ఉద్యోగం. వారమంతా అక్కడ ఉండి సెలవు రోజున ఇంటికి వస్తాడు. ఒక ఆదివారం నేను అన్నం ముందర పెట్టుకుని ల్యాప్‌టాప్ వైపు చూస్తుంటే అడిగాడు.

"ఏంది, అంత పరేషాన్ అయితున్నవ్?"

చెప్పాను. అంతా విని నవ్వాడు. "మాకు లోపట మంట లేవద్దని పరేషాన్. బొగ్గు దానంతట అదే ఎక్కడ వేడెక్కుతదోనని దినాం గాలి చూసుకుంట తిరుగుతం. నీకేమో మంట లేవాలెనని పరేషాన్."

"మీరు గాలి కొలుస్తరు. నాకు కొలిచేటందుకు ఏం లేదు," అన్నాను. అతను ఊరికే అన్న మాటకి నాకు ఒళ్లు మండింది.

మిత్రుడికి జవాబు ఒక పరిధిగా చెప్పాను: కంప్రెషన్, అంటే పిస్టన్ మిశ్రమాన్ని నొక్కే మోతాదు, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా పెట్టుకోవచ్చు, దాటితే ప్రమాదం, ఎంత దాటితే ప్రమాదమో కచ్చితంగా చెప్పలేను అని. అతనికి నచ్చలేదు.

"అచ్చు పోసేటోనికి 'ఇక్కడి నుంచి ఇక్కడిదాక' అని చెప్పాల్నా? వాడు నవ్వుతడు. నాకు ఒక్కటే నంబర్ చెప్పు."

"ఒక్కటే నంబర్ చెప్తే అబద్ధం అయితది."

"పేరు ముంగట డాక్టర్ అని రాసుకుంటవు గదా. అడిగితే 'కావచ్చు' అంటవేంది?"

"జరం ఎంతున్నదో చెప్పాలంటే మనిషి ఉండాలె గదా. నువ్వు ఇంకా పుట్టనోనికి జరం చూడుమంటున్నవ్."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ తనే చేశాడు. కొట్లాడుకుంటూనే ఒక దారి ఆలోచించాం. అతని దగ్గర బయటి దేశం ఇంజన్లు ఉన్నాయి. కొత్త దాని సైజు దాదాపు అంతే. ముందు పాతదాన్ని నడిపి, లోపలి ఒత్తిడి కొలిచి, నా స్థిరాంకాన్ని దాని మీద సరిచేసుకుని, అప్పుడు కొత్త దాని గురించి చెప్పొచ్చు. కొలవడానికి కావలసిన సెన్సర్ మా కాలేజీలో ఉంది. స్పార్క్ ప్లగ్ స్థానంలో బిగించేది, రవ్వ కూడా అదే ఇస్తుంది. ఎప్పుడో కొన్నది, పెట్టె కూడా విప్పలేదు. అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటుంది.

మా హెచ్‌ఓడీని అడిగాను.

"తనిఖీకి వచ్చినోళ్లకు చూపియ్యాలె గదా మేడమ్," అన్నాడు ఆయన.

"వాడినంక మళ్ల అండ్లనే పెడ్త సార్."

"వాడితే కొత్తగ ఎట్ల కనపడుతది?"

ఆయన వెటకారం చేస్తున్నాడేమో అని మొహం చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే ఆయన మళ్లీ హెచ్‌ఓడీ దగ్గరికి పంపాడు. బయటి పని కాబట్టి కమిటీ వేయాలన్నారు. కమిటీలో ఉన్న ఒకాయన పెళ్లిళ్ల సీజన్ అయ్యేదాకా దొరకలేదు. చివరికి మా మిత్రుడే ఉపాయం చెప్పాడు. అతని షెడ్డుకీ కాలేజీకీ మధ్య ఒప్పందం అని ఒక కార్యక్రమం పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీయించి పేపర్‌కి పంపితే అన్ని తాళాలూ వాటంతటవే తెరుచుకుంటాయని. అలాగే చేశాం. బ్యానర్ మీద తెలుగు ఉండాలని ఎవరో పట్టుబట్టి 'దహన పరిశోధన ఒప్పంద కార్యక్రమం' అని రాయించారు. సివిల్ విభాగం మేడమ్ కారిడార్‌లో నన్ను ఆపి, గొంతు తగ్గించి, "ఎవలు పోయిన్రు?" అని అడిగింది. ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని నవ్వాను. కొద్దిగా ఏడ్చాను కూడా.

సెన్సర్ చేతికి వచ్చాక, దాని తీగ లోపల ఎక్కడో తెగి ఉందని తెలిసింది. కొత్త తీగ వచ్చేసరికి వానలు పడ్డాయి.

అయినా ఆ కొలతలు తీసిన రోజులే మొత్తంలో నాకు కాస్త ఊపిరి ఆడిన రోజులు. మంచిర్యాల షెడ్డులో ఇంజన్ బిగించి నడుపుతుంటే తెర మీద ఒత్తిడి గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మిత్రుడు నా భుజం మీదుగా చూస్తూ, "ఇదేంది, ఒక్కోపారి ఒక్కో తీరు వస్తున్నది? ఖరాబ్ అయిందా?" అన్నాడు.

"ఖరాబ్ కాలే. గట్లనే ఉంటది. ఒకసారి మండినట్టు ఇంకోసారి మండది."

"ఒకటే ఇంజన్ల కూడ?"

"ఒకటే ఇంజన్ల కూడ. ఒకటే పెట్రోల్ కూడ."

అతనికి నేను సాకు చెబుతున్నట్టు అనిపించిందని మొహంలో తెలిసింది. కానీ అది నిజం. రవ్వ పుట్టిన క్షణంలో గాలి సుడి ఎటు తిరిగి ఉంటే మంట అటు మొగ్గుతుంది. అన్ని గీతలకీ సగటు తీసి, ఆ సగటుకి నా లెక్క అమరేదాకా స్థిరాంకాన్ని సవరించాను. అమరింది. ఆ స్థిరాంకంతో కొత్త ఇంజన్ లెక్క మళ్లీ కట్టాను. ప్లగ్ పక్కకి ఉంటే అవతలి మూల మే నెలలో తప్పకుండా కొట్టుకుంటుందని వచ్చింది. ప్లగ్‌ని మధ్యకి జరపాలి, గాలి లోపలికి వచ్చే దారిని కొంచెం వంచాలి, కంప్రెషన్ అతను అనుకున్నదాని కంటే తగ్గించాలి. ప్లగ్ జరపడానికి, దారి వంచడానికి ఒప్పుకున్నాడు. కంప్రెషన్ దగ్గర మాత్రం మొండికేశాడు. అది తగ్గితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, రైతు ముందు అదే అడుగుతాడని. నేను కదల్లేదు. ఎండకి పిస్టన్ పోయే ఇంజన్ మీద నా పేరు ఉండొద్దన్నాను. చివరికి నా మాటే నెగ్గింది. అచ్చు చేయించాడు.

అచ్చు తయారవుతుండగా బంకుల్లో పెట్రోల్ మారింది. ఇథనాల్ పాలు పెంచి కలిపిన పెట్రోల్ మా వైపు కూడా వచ్చేసింది. నేను కొలతలు తీసినప్పుడు అతని షెడ్డులో ఉన్నది పాత పెట్రోల్. ఇథనాల్ కలిస్తే మంట వేగం మారుతుంది, కొట్టుకునే గుణం తగ్గుతుంది, ఆవిరి అవడానికి ఎక్కువ వేడి కావాలి. నా లెక్కలన్నీ ఇప్పుడు ఎక్కడా దొరకని ఇంధనం మీద కట్టినవి. మళ్లీ కొలుద్దామంటే సెన్సర్ బీరువాలోకి వెళ్లిపోయింది, తనిఖీ దగ్గర పడింది. పుస్తకాల్లో దొరికిన విలువలతో అందాజుగా సరిచేశాను. 'అందాజు' అనే మాట నేను అతనితో అనలేదు గానీ, నాలో నేను చాలాసార్లు అనుకున్నాను.

మొదటి ఇంజన్‌ని చలికాలంలో పరీక్షించాం. చలి ఎక్కువ ఉండే చోటే చూడాలని మిత్రుడు ఆదిలాబాద్ దగ్గర తన బంధువుల ఊరు ఎంచుకున్నాడు. ఇంకా సూర్యుడు రాకముందే శనగ చేను గట్టు మీద నిలబడ్డాం. నోరు తెరిస్తే పొగ. చలిమంట దగ్గర నుంచి లేచి, మఫ్లర్లు చుట్టుకుని, కొందరు రైతులు వచ్చారు. యంత్రానికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించి, ముందు ఒక పూలదండ కూడా వేశాడు మావాడు.

తాడు లాగాడు. ఇంజన్ ఒక తుమ్ము తుమ్మి ఊరుకుంది. మళ్లీ లాగాడు. చోక్ మూసి లాగాడు, తెరిచి లాగాడు. స్వెట్టర్ విప్పేసి లాగాడు. ఇంజన్ లేవలేదు. ప్లగ్ విప్పి చూస్తే తడిసి ముద్దయి ఉంది. తుడిచి బిగించి మళ్లీ లాగాడు.

"థాంబా, థాంబా," అని ఒక రైతు ముందుకొచ్చాడు. అక్కడివాళ్ల తెలుగులో మరాఠీ కలిసిపోయి ఉంటుంది. "జర ఆగుండ్రి, నేను గుంజి చూస్త." ఆయనా లాగాడు. ఇంకొకాయనా లాగాడు. భుజాలు పట్టేసి అందరూ పక్కకి తప్పుకున్నారు.

"రంగు మాత్రం మంచిగున్నది," అన్నారెవరో వెనక నుంచి. ఎవరూ గట్టిగా నవ్వలేదు. గట్టిగా నవ్వినా బాగుండేది.

ఎండ వచ్చి, ఒంటికి కాస్త వెచ్చదనం తగిలాక, ఒకే ఒక్క లాగుడికి ఇంజన్ లేచింది. దాన్ని ఆపి, తనిఖీ అయ్యాక మళ్లీ అడిగి తెచ్చుకున్న సెన్సర్ బిగించి నడిపి, మంట నడిచిన తీరు చూశాను. నేను గీసి పెట్టుకున్న గీతతో దాదాపు కలిసిపోయింది. ఇన్నాళ్ల పనిలో నా లెక్క అంత చక్కగా కలవడం ఎప్పుడూ చూడలేదు. తల ఎత్తి చూస్తే గట్టు మీద ఎవరూ లేరు. రైతులు పత్తి ఏరడానికి కూలీలని తీసుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. మిత్రుడు పూలదండ తీసి చేలోకి విసిరేస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇచ్చోడ దాటాం. తర్వాత అన్నాడు, "మంచిగ మండుతదని చెప్పినవ్ గదా."

"మండుడు షురువైనంక మంచిగ మండుతదని చెప్పిన. చలికి అంటుకుంటదా అని నువ్వు అడగలే."

"అంటుకోకుంట మండుడు ఎట్లుంటది?"

నేను వాడిన లెక్కలో పెట్రోలు పూర్తిగా ఆవిరై గాలిలో కలిసిపోయిందనే మొదలవుతుంది కథ. చల్లని ఇనుప గోడకి బొట్లు బొట్లుగా అంటుకున్న పెట్రోలుకి అందులో చోటే లేదు. వేడి ఇంజన్ల మీద పనిచేసినవాళ్లు రాసిన సూత్రాలవి. నేను నేర్చుకున్నదీ అవే. ఎండ గురించి అంత కొట్లాడాను గానీ, అతను మొదటి రోజు చెప్పిన రెండు కష్టాల్లో చలిని ఎందుకో చిన్న విషయంగా తీసేశాను. కోపం అతని మీద కాదు. అయినా ఆ రోజంతా అతని మీదే చూపించాను.

ఇంటికి వచ్చి చలి లెక్క పట్టుకున్నాను. బొట్టు ఎంత సైజులో ఉంటుంది, గోడ మీద ఎంత నిలుస్తుంది, ఇథనాల్ కలిసినందుకు ఇంకెంత ఆలస్యం అవుతుంది, ఇలా. రోజూ కాలేజీ నుంచి వచ్చి అదే పని. నా లెక్క ఇంకా సగంలో ఉండగా మిత్రుడి నుంచి వీడియో వచ్చింది. షెడ్డు ముందు, పొగమంచులో, ఇంజన్ రెండో లాగుడికే లేస్తోంది. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ కొంచెం పెద్దది పెట్టాడు. చోక్ పలకని మార్చాడు. లాగడానికి ముందు వేలితో నొక్కితే పెట్రోల్ అందించే చిన్న రబ్బరు బుడ్డి తగిలించాడు. ఏదో ఒకటి చేసి చూస్తూ పోతే కుదిరిందట. ఫోన్‌లో సంబరంగా చెప్పాడు, "లేస్తున్నదే! నీ లెక్క ఏమన్నా వచ్చిందా?"

"ఇంకా రాలే."

"ఇగ ఇడిసిపెట్టు తియ్యి. పనైంది గదా."

సంతోషించాల్సిన మాటే. ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి. నేనెందుకు పనికొస్తున్నానో నాకు అర్థం కాలేదు. చేసి చూస్తూ పోతే అయ్యే పనికి ముందుగా చెప్పడం దేనికి? కానీ అచ్చులో ఉన్న ఆకారాన్ని అలా చేసి చూసి మార్చలేం కదా అని మళ్లీ నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకోవాల్సి రావడమే చిరాకు.

మే నెలలో చెన్నూరులో, గోదావరి వైపున్న వాళ్ల మెట్ట చెలకలోనే ఎండ పరీక్ష పెట్టాం. బయట నిలబడితే చెవుల్లోకి వేడిగాలి కొడుతోంది. మధ్యాహ్నమంతా ఎండిన నేల మీద యంత్రాన్ని ఆపకుండా నడిపించాడు. నేను చెట్టు నీడ నుంచి చెవులు రిక్కించి విన్నాను. టకటక లేదు. విప్పి చూస్తే పిస్టన్ నున్నగా ఉంది. ఏమీ జరగలేదు. నేను జరగదని చెప్పింది జరగలేదు. దాన్ని ఎవరికి చూపించను?

భోజనాల దగ్గర వాళ్ల నాన్న మామిడికాయ పప్పు వడ్డించమని కోడలికి చెబుతూ నన్ను అడిగాడు, "అయితే ఇగ నీ పని అయిపోయినట్టేనా బిడ్డా?"

నేను జవాబు చెప్పేలోపే మిత్రుడు అందుకున్నాడు. "యాడ అయింది బాపు? గింత ఎండల కూడ ఏం కాలేదంటే, కంప్రెషన్ ఇంకా పెంచుకోవచ్చునన్నట్టే గదా? తక్కువ పెట్టించింది. పెట్రోల్ ఉత్తగ తాగుతున్నది."

"ఏం కాలేదంటే తక్కువ పెట్టినందుకే కాలేదు!" అన్నాను. గొంతు లేచిపోయింది.

"అది నీకెట్ల ఎరుక? నువ్వు గా పాత పెట్రోల్ మీద కట్టిన లెక్క అది."

అక్కడ దొరికిపోయాను. నిజమే, కొత్త పెట్రోల్ కొట్టుకునే గుణాన్ని తగ్గిస్తుంది. అతను చెప్పినదాంట్లో న్యాయం ఉంది. నేను చెప్పినదాంట్లోనూ ఉంది. ఇద్దరి దగ్గరా రుజువు లేదు. ముసలాయన పప్పులో నెయ్యి వేసుకుంటూ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. మిత్రుడి భార్య పెరుగు గిన్నె తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టి, "తిన్నంక కొట్లాడుకోండ్రి," అంది.

ఆ తర్వాతి వేసవికి అతను తన మాట నెగ్గించుకున్నాడు. అమ్మే ఇంజన్ల జోలికి పోకుండా, పోసిన తలలనే కింద అరగదీసి కంప్రెషన్ పెంచి, రెండు ఇంజన్లు విడిగా చేయించాడు. రెండూ ఒకే అచ్చువి, ఒకే చేత్తో బిగించినవి, ఒకే బంకు పెట్రోల్ పోసుకున్నవి. ఒకటి వాళ్ల చెలకలో పెట్టాడు. ఇంకొకటి ఆదిలాబాద్‌లో అదే శనగ చేను బంధువుకి ఇచ్చాడు. వేసవి అంతా ఎవరి చేనులో వాళ్లు నడిపారు.

చివరికి రెండింటినీ చెన్నూరు ఇంటి అరుగు మీద పెట్టి విప్పాం. వాళ్ల చెలకలో నడిచిన దాని పిస్టన్ మీద ఒక్క గీటు లేదు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన దాని పిస్టన్ అంచు చెదపురుగు తిన్నట్టు గుంటలు పడి, ఒక మూల విరిగి ఉంది.

మిత్రుడు రెండు పిస్టన్లనీ చెరో చేతిలో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూశాడు. "నీ లెక్కల ఏమున్నది? ఇది పోవాల్నా, ఉండాల్నా?"

నేను ఇచ్చిన పరిధిలో పెంచిన ఆ కంప్రెషన్ సరిగ్గా పైఅంచు మీద పడింది. పోవచ్చు, పోకపోవచ్చు. లోపల మసి ఎంత పట్టింది, ఇంజన్‌ని చల్లబరిచే రెక్కల మధ్య ఎంత దుమ్ము ఇరుక్కుంది, అరగదీసినప్పుడు వెంట్రుకవాసి తేడా ఏమైనా వచ్చిందా, వీటిలో ఏది కారణమో ఆ అరుగు మీద కూర్చుని చెప్పడం ఎవరి తరం కాదు. ఆ మాటే చెప్పాను.

"అంటే నీదీ నిజమే, నాదీ నిజమే. గట్లనేనా?" కోపంతో పిస్టన్‌ని అరుగు మీద పెట్టిన తీరుకి అది ఠంగుమంది. "ఇగ నేనేం చెయ్యాలె?"

నేను గెలిచానని అనిపించాల్సింది. విరిగిన పిస్టన్ నా ఎదురుగానే ఉంది. కానీ పక్కన నున్నగా ఉన్నది కూడా ఉంది. అన్నాళ్లుగా నేను లెక్కగట్టింది సగటు మంటని. సగటు ఇంజన్, సగటు పెట్రోల్, సగటు మధ్యాహ్నం. అలాంటి ఇంజన్ ఏ రైతు చేతిలోనూ ఉండదు. ఎవరి చేతిలో ఉండేది వాళ్ల ఇంజన్, వాళ్ల దుమ్ము. ఆ సంగతి నాకు మంచిర్యాల షెడ్డులో ఒకదాని మీద ఒకటి పడిన గీతలప్పుడే తెలుసు. తెలిసీ సగటు తీసి పక్కన పెట్టాను, ఎందుకంటే అందరూ అలాగే చేస్తారు, నా లెక్కకి అదొక్కటే సరిపోతుంది.

అతను లోపలికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, ఈసారి గొంతు తగ్గించి అడిగాడు. "సరే. గిట్ల పెంచి అమ్మితే ఎంతమందివి పోతయ్? పోతదా పోదా అని అడుగుతలేను. ఎంతమందివి పోతయని అడుగుతున్న."

ఇన్నేళ్లలో అతను నన్ను అడగాల్సిన ప్రశ్న అదే. నేను నన్ను అడుక్కోవాల్సిందీ అదే.

"తెలువది," అన్నాను. "కట్టాలె. మొత్తం మొదటి నుంచి వేరే తీరుగ కట్టాలె."

"ఎన్ని దినాలైతది?"

"అది కూడ తెలువది."

అతను తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. అమ్మే ఇంజన్లకి తక్కువ కంప్రెషనే ఉంచుతానని మాత్రం చెప్పాడు. అప్పటికి అది చాలు.

నన్ను చెన్నూరు బస్టాండ్‌లో దింపాడు. మంచిర్యాలలో మారి కరీంనగర్ బస్సెక్కాను. కిటికీలోంచి వేడిగాలి కొడుతుంటే కొంగుతో మొహం కప్పుకుని ఆలోచిస్తూ కూర్చున్నాను. మసి దగ్గర మొదలుపెట్టాలా, దుమ్ము దగ్గరా, అరగదీసిన తేడాల దగ్గరా? ఒకటి పట్టుకుంటే రెండోది జారిపోతోంది. పక్క సీటు ఆవిడ మామిడిపండ్ల సంచీ నా కాళ్ల మీదకి జరుపుతూ, "తలకాయ నొస్తున్నదా?" అని అడిగింది. అవునన్నాను. సుల్తానాబాద్ దాటినా నాకు మొదలు దొరకలేదు.